సందులో నిలిచినవాడు

ధ్యాన భాగము: యెహెజ్కేలు 22:30, 2 తిమోతి 2:2



గోడ కూలినచోట అడ్డముగా నిలుచువాడొకడు దొరుకునేమోయని దేవుడు దేశమంతట వెదకెననియు, అట్టివాడొక్కడును కనబడలేదనియు యెహెజ్కేలు ప్రవక్త వ్రాసియున్నాడు. ఈ మాట మనము అనేక పర్యాయములు వినియున్నాము. ప్రార్థన కూటములలో దీనిని ఎత్తి చదువని సంఘ పెద్ద లేడు. అయితే గోడ నిలిచియున్నచోట కావలి కాయుట సుళువు. అక్కడ నిలిచినవానికి వీపు ఆనించుటకు రాయి యున్నది, ఇది నా చోటు అని చూపించుటకు గుర్తు ఉన్నది. సందులో నిలిచినవానికి అవేమియు లేవు. అందుచేతనే గాబోలు, ఆ చోటికి మనుష్యులు దొరకుట కష్టము.

ఈ నెల దీనిని ధ్యానించుటకు కారణమొకటి గలదు. కొంతకాలము క్రిందట మేమొక పల్లె సంఘమునకు ఆరాధన నిమిత్తము వెళ్లితిమి. ముప్పది సంవత్సరములకు పైగా అక్కడ ఆదివారపు బడి నడిపిన ఒక పెద్దాయన గుడికి వచ్చుట మానుకొనెనని తెలిసినది. ఆయనకు చూపు మందగించినందున పాఠము చెప్పు పని ఒక యౌవనస్థునికి అప్పగించిరట. అప్పగించుటలో తప్పు లేదు. గాని ఆయనతో ఒక మాటైనను చెప్పినవారు లేరు. తరువాతి ఆదివారము ఆయన కుర్చీలో మరియొకడు కూర్చుండెను, అంతే. సాయంకాలము మేము ఆయన యింటికి పోయి పలుకరింపగా, "నా పని అయిపోయింది అయ్యగారూ, ఇంక నాకక్కడ చోటెక్కడిది?" అనెను. మేమేదో ఓదార్పుగా చెప్పితిమి గాని, ఆ మాటలు మాకే చప్పగా తోచెను.

ఇంటికి వచ్చిన తరువాత, మునుపు చదివిన ఒక ఆటగాని జీవితము మాకు జ్ఞాపకము వచ్చెను. సంఘ పత్రికలో ఆటగాని సంగతి ఏల అని అడుగువారుందురు. పరుగు పందెములో పరుగెత్తువానిని, ముష్టియుద్ధము చేయువానిని కొరింథీయులకు చూపించి బోధించుటకు పౌలు సంకోచింపలేదు గదా. ఆ ధైర్యముతోనే వ్రాయుచున్నాము.

అమెరికా దేశములో బేస్‌బాల్ అను ఆట కలదు. మన పిల్లలు ఆడు క్రికెట్టునకు అది దూరపు చుట్టమువంటిది. ఒకడు బంతి విసరును, ఒకడు కఱ్ఱతో కొట్టి పరుగెత్తును. అతడు తొంబది అడుగులకు ఒకటి చొప్పున మూడు మజిలీలు దాటి, బయలుదేరిన చోటికి తిరిగి చేరినయెడల ఒక పరుగు. ఆ మజిలీలను కాయుటకు లోపలి మైదానములో నలుగురు నిలుతురు. మొదటి మజిలీకి ఒకడు, రెండవదానికి ఒకడు, మూడవదానికి ఒకడు. మరి నాలుగవవాడో? అతనికి మజిలీ లేదు. రెండవదానికిని మూడవదానికిని నడుమనున్న ఖాళీలో అతడు నిలువవలెను. కొట్టిన బంతి ఎక్కువగా వచ్చునది అటువైపే. ఇరుగుపొరుగువారు కదలినప్పుడు వారి చోటు కూడ అతడే కాయవలెను. ఆ నాలుగవవాని సంగతియే మనము చెప్పుకొనుచున్నది.

ఆయన పేరు జాక్ బారీ. 1887వ సంవత్సరము ఏప్రిల్ నెలలో కనెక్టికట్ రాష్ట్రమందలి మెరిడెన్ అను ఊరిలో జన్మించెను. మసాచుసెట్స్ రాష్ట్రములో వుస్టర్ పట్టణమందున్న హోలీ క్రాస్, అనగా పరిశుద్ధ సిలువ అను పేరుగల కళాశాలలో చదివెను. అది రోమను కథోలికులలో యేసుసభవారు నడుపునది, మన సంఘమువారిది కాదు. అయినను మంచి యెక్కడ కనబడినను దానిని మంచి అని చెప్పుటకు మనకు భయమేల? 1908లో ఆయన ఫిలడెల్ఫియా జట్టులో చేరెను. ప్రకటన గ్రంథములో మనము చదువుకొను ఫిలదెల్ఫియ పేరే ఆ పట్టణమునకును పెట్టబడినది. ఆ జట్టు యజమానులలో ఒకడును, శిక్షకుడును కానీ మాక్ అను ఆయన. మొదటి మజిలీలో మకిన్నిస్, రెండవదానిలో ఎడ్డీ కాలిన్స్, మూడవదానిలో ఫ్రాంక్ బేకర్, నడుమ బారీ. 1911 మొదలుకొని 1914 వరకు కూడియున్న ఈ నలుగురికి జనులు లక్ష డాలర్ల వరుస అని పేరు పెట్టిరి. ఆ దినములలో లక్ష డాలర్లనగా ఊహకందని సొమ్ము.

ఈ నలుగురిలో కాలిన్స్ జీవితకాలములో మూడువేలకు పైగా దెబ్బలు కొట్టినవాడు. బేకర్ 1911 పెద్ద పోటీలో వరుసగా రెండు ఆటలలో బంతిని మైదానము దాటించినందున అదే ఆయనకు ఇంటిపేరువలె నిలిచిపోయెను. బారీ మాత్రము పదకొండు ఆట సంవత్సరములలో అటువంటి దెబ్బలు కొట్టినవి పది. నాలుగుసార్లు కఱ్ఱ పట్టినయెడల సరియైన దెబ్బ ఒకటైనను తగులుట కష్టమే. లెక్కల పుస్తకము మాత్రమే చూచువాడు ఈయనను జట్టులో ఏల ఉంచుకొనిరి అని అడుగును.

ఎందుకనగా, లెక్కలకెక్కని పని ఆయన చేయుచుండెను. ఒక ఉదాహరణ చెప్పెదము. ఎదుటి జట్టువారు ఒకడు మొదటి మజిలీలోను, మరియొకడు మూడవదానిలోను ఉన్నారనుకొనుడి. మొదటివాడు దొంగతనముగా రెండవ మజిలీకి పరుగెత్తును. అతనిని పట్టుటకు ఇంటి మజిలీ కాయువాడు బంతిని అటు విసరగానే, మూడవ మజిలీలోనివాడు ఇంటివైపు పరుగు తీయును. ఒకని పట్టబోయి ఇద్దరిని విడిచినట్లగును. ఈ కపటమును ఎదుర్కొనుటలో బారీ, కాలిన్స్ గట్టివారని పేరు. ఇద్దరిలో ఒకడు ముందుకు దూకి దారిలోనే బంతిని అందుకొని, క్షణములో ఇంటివైపు తిరిగి విసరును. వేరొకడు వెనుక మజిలీ కాయును. ఎవడు ముందుకు పోవలెనో, ఎవడు వెనుక నిలువవలెనో వారికి కనుసైగ చాలును. సంఘములో ఇద్దరు పెద్దలు ఈ రీతిగా పని చేసినయెడల ఎన్ని తగవులు తప్పిపోవునో మీకే తెలియును.

మరియొకటి. ఆ ఆటలో బంతిని బలముగా కొట్టక, కఱ్ఱతో మెల్లగా తాకించి దగ్గరలోనే పడవేయు దెబ్బ యొకటి యున్నది. అట్లు కొట్టినవాడు దాదాపుగా బయటికి పోవలసినదే. గాని ఆ సందడిలో ముందటి మజిలీలో నిలిచిన తన జట్టువాడు ఒక మజిలీ ముందుకు పోవును. దానిని వారు త్యాగపు దెబ్బ అందురు. బారీ దీనిలో ఆరితేరినవాడు. ఆటలోని ఈ మాటను మన ప్రభువు సిలువతో సమానముగా తూచుట మాకు సమ్మతము కాదు, అటువంటి ప్రసంగములు విన్నప్పుడు మాకు కష్టముగానే ఉండును. అయినను తాను బయటికి పోయి తోటివానిని ముందుకు పంపుట ఎట్టిదో గ్రహించుటకు ఇది పనికివచ్చును.

ఆ జట్టు 1910, 1911, 1913 సంవత్సరములలో దేశమంతటిలో మొదటిదిగా నిలిచెను. 1914లో ఎవరును లెక్కచేయని బోస్టన్ బ్రేవ్స్ జట్టుచేత వరుసగా నాలుగు ఆటలు ఓడెను. అప్పటికే వేరొక సంస్థవారు ఎక్కువ జీతములు చూపి ఆటగాండ్రను లాగుకొనుచుండిరి. మాక్ తన జట్టును విడగొట్టి అమ్ముటకు ఆరంభించెను. కాలిన్స్‌ను యాబదివేల డాలర్లకు చికాగోవారు కొనిరి. 1915 జూలైలో బారీని బోస్టన్ రెడ్ సాక్స్‌వారికి అమ్మిరి. ఫిలడెల్ఫియా జట్టు ఆ సంవత్సరము మొదలు వరుసగా ఏడేండ్లు అందరికంటె చివరనే యుండెను. బాగుగా కట్టిన గోడను విప్పుట ఒక దినపు పని. కట్టుటకు ఏండ్లు కావలెను.

బోస్టన్‌లో ఆ నడిమి చోటున ఎవరెట్ స్కాట్ అను చిన్నవాడు అప్పటికే నిలిచియుండెను. మూడుసార్లు విజేతయైన బారీ ప్రక్కకు జరిగి రెండవ మజిలీ కాచెను. ఆ జట్టు 1915లోను 1916లోను గెలిచెను. 1917లో ఆయన ఆడుచునే జట్టుకు నాయకుడాయెను. తరువాత జగమెరిగినవాడైన బేబ్ రూత్ అప్పుడు ఆయన చేతిక్రింద బంతి విసురుచుండెను. ఆ సంవత్సరము తొంబది ఆటలు గెలిచి రెండవ స్థానములో నిలిచిరి. మొదటి స్థానము చికాగోవారిది, వారి రెండవ మజిలీ కాచినవాడు పాత స్నేహితుడు కాలిన్సే. 1918లో బారీ యుద్ధసేవకై నౌకాదళములో నుండెను. ఆయన లేని ఆ యేడే, వేరొక నాయకుని క్రింద, బోస్టన్‌వారు మరల విజేతలైరి. 1919లో ఆయన తిరిగి వచ్చునప్పటికి నాయకుని కుర్చీలో మరియొకడున్నాడు. ఆ జూన్‌లో ఆయనను మార్పిడిగా ఫిలడెల్ఫియాకు పంపగా, ముప్పది రెండేండ్ల వయస్సున ఆయన ఆట చాలించెను.

పైన చెప్పిన పెద్దాయన మాట ఇక్కడ మాకు వినబడుచున్నది: ఇంక నాకక్కడ చోటెక్కడిది?

1921లో బారీ తాను చదివిన కళాశాలకు తిరిగి వెళ్లి పిల్లలకు ఆట నేర్పు పనికి పూనుకొనెను. పెద్ద పట్టణముల మైదానములలో వేలమంది చప్పట్లు విన్నవాడు, కళాశాల గడ్డిలో పద్దెనిమిదేండ్ల కుఱ్ఱవానికి పాదము ఎక్కడ పెట్టవలెనో, బంతి వచ్చునప్పుడు చేయి ఎంత వంచవలెనో చూపించుచు నిలిచెను. పిల్లవాడు నేర్చుకొనుటకు మూడు నాలుగు ఏండ్లు పట్టును. నేర్చుకొనగానే వాడు చదువు ముగించుకొని వెళ్లిపోవును. మరల క్రొత్తవాడు వచ్చును, మరల పాదము దగ్గరనుండి మొదలుపెట్టవలెను. ఈ పని ఆయన ఒక యేడు కాదు, రెండేండ్లు కాదు, నలువది సంవత్సరములు చేసెను. ఆరువందలకు పైగా ఆటలు గెలిపించెను; అయిదింట నాలుగు గెలుపే. 1952లో ఒమాహా పట్టణమున జరిగిన కళాశాలల పెద్ద పోటీ చివరి ఆటలో మిస్సూరివారిని 8-4 లెక్కన జయించిరి. అప్పటికి బారీ వయస్సు అరువదియైదు.

ఆయన మొదటి దినములలో నేర్పిన పిల్లలలో ఓవెన్ కారల్ అనువాడొకడు. ఈ కుఱ్ఱవాడు కళాశాల తరఫున బంతి విసరిన కాలమంతటిలో ఓడినవి రెండే ఆటలని చెప్పుదురు. అతడు డెట్రాయిట్ మొదలైన పెద్ద జట్లలో ఆడి, ఆ తరువాత న్యూజెర్సీ రాష్ట్రములోని సీటన్ హాల్ కళాశాలలో 1948 మొదలు 1972 వరకు పిల్లలకు నేర్పెను. గురువు నేర్పినది శిష్యుడు మరికొందరికి నేర్పెను. తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో పౌలు కోరినది ఇటువంటిదే గదా: నాయొద్ద విన్నది నమ్మదగినవారికి ఇమ్ము, వారు ఇతరులకు నేర్పగలవారై యుండవలెను. పౌలు, తిమోతి, నమ్మదగినవారు, ఇతరులు, ఇట్లు నాలుగు తరములు ఆ ఒక్క వచనములో నున్నవి.

పౌలునకు ఈ పాఠము నేర్పినది ఎవరు? అందరును భయపడి దూరముగా నుంచిన సౌలును చేయిపట్టి అపొస్తలుల యొద్దకు తెచ్చినవాడు బర్నబా. తార్సునకు పోయి వెదకి అంతియొకయకు తోడుకొని వచ్చినవాడును ఆయనే. మొదట బర్నబాయు సౌలును అని వ్రాయబడినది. అపొస్తలుల కార్యములు పదమూడవ అధ్యాయము ముగియకమునుపే పౌలును బర్నబాయును అని వరుస మారినది. ఆ మార్పునకు బర్నబా నొచ్చుకొనినట్లు లూకా ఎక్కడను వ్రాయలేదు. మాకైతే అంత సులువుగా వచ్చునా అని సందేహము. మేము ఎత్తుకొనిన పనిని చిన్నవాడు మాకంటె చక్కగా చేసినప్పుడు, పైకి వందనములు చెప్పుచు లోపల చిన్నబోయిన దినములు మాకు లేకపోలేదు. కుర్చీ విడువని పెద్దలును, మాటైనను చెప్పక కుర్చీ లాగుకొను చిన్నవారును మన సంఘములలో ఇద్దరునున్నారు. ఈ విషయములో ఒకరినే తప్పుపట్టుట న్యాయము కాదు.

బేస్‌బాల్ కీర్తిమందిరములో కాలిన్స్ పేరు 1939లో, బేకర్ పేరు 1955లో చేర్చబడెను. బారీ పేరు అక్కడ లేదు. 1961 ఏప్రిల్ 23న, డెబ్బది నాలుగవ పుట్టినదినమునకు మూడు దినములు ముందు ఆయన చనిపోవువరకు ఆ కళాశాల శిక్షకుడుగానే యుండెను. 1966లో కళాశాలల శిక్షకులు తమ గౌరవ పట్టికను ఆరంభించినప్పుడు మొదట చేర్చిన పేర్లలో ఆయనది ఒకటి.

ఈ సంగతి చెప్పుదమని మేము ఆ పల్లెకు మరల వెళ్లితిమి. ఈసారి ఒంటరిగా పోలేదు. క్రొత్తగా బడి చెప్పు యౌవనస్థుని వెంటబెట్టుకొని వెళ్లితిమి. అతడు గుమ్మమువద్దనే నిలిచి, "మిమ్మును అడుగకుండ కూర్చున్నాను తాతగారూ, తప్పయింది" అనెను. పెద్దాయన చాలసేపు ఏమియు అనలేదు. మేము ఫిలడెల్ఫియా సంగతియు, మజిలీ లేనివాని సంగతియు చెప్పుచుండగా తలవంచుకొని వినెను. అంతయు విన్న తరువాత మాకేమియు బదులు చెప్పక, ఆ పిల్లవానివైపు తిరిగి, వచ్చే ఆదివారము పాఠమేది అని అడిగెను. యోసేపు సహోదరుల కథ అని అతడు చెప్పెను.

"అది చిన్నపిల్లలకు గోతి దగ్గర ఆపకూడదు, భయపడతారు. ఐగుప్తుదాకా తీసుకొనిపోవాలి. శనివారం సాయంకాలం రా నాయనా, ఎట్లా చెప్పాలో చెబుతాను. నువ్వు చదువు, నేను వింటాను."