రాత్రి ఏడ్చే బిడ్డకు లేవాల్సింది ఎవరు?

 

"ఊరికే ఎత్తుకోకమ్మా, ఎత్తు మరుగుతాడు." పిఠాపురం చుట్టుపక్కల మన పేటల్లో బాలింతకి అందరూ చెప్పే మాట ఇది. ధమ్మం తీసుకున్న ఇళ్లలో దీనికి ఇంకోటి తోడవుతోంది. తృష్ణే దుఃఖానికి మూలం కదా, బిడ్డకి ఇప్పట్నించే ఓర్పు నేర్పితే పోలేదా అని.

తృష్ణ వేరు, ఆకలి వేరు. ఒళ్లు మాడ్చుకుంటే జ్ఞానం రాదని తెలుసుకునే కదా సిద్ధార్థుడు సుజాత పెట్టిన పాయసం తిన్నాడు! అడగందే అమ్మైనా పెట్టదంటారు. మాటలు రాని బిడ్డ అడిగేది ఏడుపుతోనే. అడగడం తప్పు కాదని బాబాసాహెబ్ దగ్గర నేర్చుకున్న మనం, ఆ ఏడుపుని మొండితనం అంటే ఎలా?

ధమ్మానికి ప్రజ్ఞ, కరుణ రెండు మూలస్తంభాలన్నారు బాబాసాహెబ్. మూఢనమ్మకానికి చోటు లేకుండా చేసేది ప్రజ్ఞ. పుట్టిన కొత్తలో బిడ్డ రోజుకి 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది, కానీ ముక్కలు ముక్కలుగా. పొట్ట చిన్నది, రెండు మూడు గంటలకోసారి పాలు కావాలి. రాత్రీ పగలూ తేడా తెలియడానికి మూడు నెలలైనా పడుతుంది. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసినా, తాయెత్తు కట్టినా లేస్తూనే ఉంటుంది. అది దిష్టి కాదు, వయసు. పగలు వెలుతుర్లో ఉంచి, రాత్రి లైటూ మాటలూ తగ్గించి పాలిస్తే మెల్లిగా గాడిన పడుతుంది. వెల్లకిలా పడుకోబెట్టాలి. మొహం దగ్గర దిండ్లూ బొంతలూ వద్దు. తాగొచ్చినవాడి పక్కలో అసలే వద్దు. జ్వరమొచ్చినా, పాలు తాగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక కరుణ. మనకి ఇబ్బందంతా ఇక్కడే. ఏలేరు నీళ్లొచ్చి నాట్లు మొదలైతే, తెల్లారి చేలోకి దిగాల్సిన తల్లే రాత్రి నాలుగుసార్లు లేస్తుంది. పక్కన మగాడు గుర్రు పెడుతుంటాడు. ఆమెతో "బిడ్డ ఏడ్చినప్పుడల్లా పలుకమ్మా" అనడం కరుణ కాదు, శిక్ష. ఏడవనీ అనే మాట చాలాసార్లు రాతిగుండెలోంచి రాదు, అలిసిన ఒంట్లోంచి వస్తుంది. తల్లి తన ఒక్కగానొక్క బిడ్డని కాచుకున్నట్టు సకల ప్రాణుల్నీ చూడమని మెత్తసుత్తం చెప్పింది తల్లులకి మాత్రమే కాదు, అందరికీ. మహామాయ పోయాక సిద్ధార్థుణ్ణి పెంచింది పినతల్లి మహాప్రజాపతి గౌతమి. పాలివ్వడం తల్లి పనే అనుకుందాం. గుడ్డ మార్చడం, భుజాన వేసుకుని తేన్పు తెప్పించడం, ఉయ్యాల ఊపడం తండ్రికి చేతకానివా? ఆదివారం త్రిశరణం చెప్పి, రాత్రి రెండింటికి దుప్పటి ముసుగేసే ఉపాసకుణ్ణి ఏమనాలి?

విసుగు ముదిరితే బిడ్డని భద్రంగా పడుకోబెట్టి రెండు నిమిషాలు బయట నిలబడి రావచ్చు, తప్పులేదు. కోపంలో కుదపడం మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. అర్ధరాత్రి దాటాక ఏడుపు వినగానే లేచేది తండ్రి అని ఇంట్లో ముందే అనుకోండి. పాలకి తల్లి దగ్గర పెట్టి, తాగాక మళ్లీ ఎత్తుకుని జోకొట్టేదీ ఆయనే. అప్పుడు ఆమెకి రెండు మూడు గంటలైనా తెగని నిద్ర దొరుకుతుంది.