పరుల మనస్సు - మన తీర్పు

చెన్నపురిలో ఒకరినొకరు వెక్కిరించుకొనుటకు వాడెడి మాటలలో కీల్పాక్కము ఒకటి. నిజమునకది ఒక పేట పేరు. అచ్చట మానసిక చికిత్సాలయము ఉన్న కారణమున ఆ పేరే తిట్టుగా మారినది. హైదరాబాదులో ఎఱ్ఱగడ్డకును ఇదే గతి పట్టినది. జ్వరముతో ఆసుపత్రికి పోయినవానిని మనము పరామర్శింతుము. మనస్సు చెదరి పోయినవానిని చూచి నవ్వుదుము, లేదా తప్పించుకొని తిరుగుదుము. పరుల మనస్సు మనకు తెలిసిపోయినదను ధీమాయే ఈ భేదమునకు మూలము. అట్టి ధీమాకు మనకు హక్కు కలదా?

మనస్తత్వ శాస్త్రము తొలినాటి నుండియు ఈ చిక్కుతోనే పెనగులాడుచున్నది. 1879లో విల్‌హెల్మ్ వుంట్ జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున ప్రయోగశాలను నెలకొల్పి, మనిషి తన అనుభవమును తానే పరికించి చెప్పుటను ఒక పద్ధతిగా దిద్దెను. ఒకడు తన లోపల చూచినదానిని మఱియొకడు సరిచూచుట యెట్లని ఆక్షేపించి, 1913లో అమెరికాలో జాన్ వాట్సన్, బయటికి కానవచ్చు ప్రవర్తనయే శాస్త్రమునకు విషయము కావలెననెను. మనిషి మనస్సులో అధికభాగము అతనికే తెలియదని వియన్నాలో ఫ్రాయిడ్ వాదించెను. ఈ మువ్వురికిని పొత్తు కుదురదు. అయినను ఒక్క విషయమున మువ్వురును ఏకీభవింతురు: తొలి చూపునకు తోచినది జ్ఞానము కాదు. మదరాసు విశ్వవిద్యాలయమున 1943లో ఈ శాస్త్రమునకు ప్రత్యేక శాఖ ఏర్పడినది.

అయితే ఈ పాఠము విద్యాలయములకే పరిమితము కాదు. ఇంటికి ఎంత అవసరమో చూడుడు. పెండ్లియైన ఏడాదికి కుమారునికి మతి చెదరెననుకొందము. కోడలు అడుగుపెట్టిన వేళ మంచిది కాదని ఇరుగుపొరుగు తేల్చివేయును. రెండు సంగతులు ఒకదాని వెంట ఒకటి వచ్చినంత మాత్రమున మొదటిది రెండవదానికి కారణము కాదని పరిశోధన పద్ధతి బోధించును. స్కిజోఫ్రీనియా వంటి వ్యాధులు సాధారణముగా యౌవనమున తలయెత్తును. మన దేశమున వివాహములును ఆ యీడుననే జరుగును. ఈ రెంటిని దగ్గఱకు చేర్చినది వయస్సు. కోడలి పాదము కాదు. పెండ్లి కాకయే ఈ వ్యాధి పాలైనవారెందఱు, పెండ్లియై ఆరోగ్యముగా నున్నవారెందఱు అని లెక్కించినవాడు ఆ మాట అనజాలడు. లెక్కింపక అన్న మాటకు ఒక నిరపరాధిని జీవితాంతము బలియగును. కావున పద్ధతి యనునది పండితుల ముచ్చట మాత్రమే కాదు, అదియొక ధర్మము.

మన నగర చరిత్రయే ఇందుకు సాక్షి. 1794లో ఇచ్చట వెలసిన ఉన్మాదుల శరణాలయము 1871లో కీల్పాక్కమునకు మారినది. ఇట్టి వ్యాధి సోకినవారి బ్రతుకు ముగిసినట్లేనని లోకము చిరకాలము నమ్మెను. 1980 దశకపు ఆరంభమున మదరాసు వైద్యులు, స్కిజోఫ్రీనియా తొలిసారి బయటపడిన 90 మందిని ఎన్నుకొని, పదేండ్లపాటు వారి స్థితిగతులను కనిపెట్టి చూచిరి. లోకము భయపడినంతటి దుర్గతి అధికులకు కలుగలేదు. ఒక్కనాటి చూపు చెప్పలేనిదానిని పదేండ్ల ఓపిక చెప్పినది. 1984లో డాక్టరు శారదా మేనన్ ఈ నగరముననే స్థాపించిన స్కార్ఫ్ సంస్థ ఇట్టి రోగుల చికిత్సకును, పునరావాసమునకును, పరిశోధనకును పాటుపడుచున్నది.

అట్లయిన తీర్పే వలదా యని అడుగవచ్చును. వైద్యుడు వ్యాధిని నిర్ణయింపక మందీయజాలడు. ఇంటివారు ప్రమాదమును గుర్తింపక కాపాడజాలరు. తీర్పు తప్పదు. కాని ఆదుకొనుటకు చెప్పెడి తీర్పు వేఱు, గడప దాటించుటకు చెప్పెడి తీర్పు వేఱు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఈ భేదమును పాటించినది. చికిత్సకును, చట్టవిహిత కార్యములకును తప్ప ఎవరిని గాని మానసిక రోగిగా వర్గీకరింపరాదనియు, గతమున చికిత్స పొందిన కారణము చేతనే నేడు రోగియని నిర్ణయింపరాదనియు శాసించినది. చట్టము అధికారులను కట్టడి చేయగలదు. అరుగుల మీది మాటలను కట్టడి చేయజాలదు. ఆ పని మనది. పరుల మనస్సును గుఱించి నోరు తెఱచుటకు ముందు, ఏమి చూచితిమి, ఎంతకాలము చూచితిమి, ఎవరి మేలు కోరి చెప్పుచున్నాము అని మనలను మనము ప్రశ్నించుకొనుట కనీస ధర్మము.