ఎవరి పేరున వెళ్తున్నాం?

ఎమ్మెల్యేను కలవడానికి వెళ్లే ప్రతివాళ్ల చేతిలోనూ ఒక కాగితం ఉంటుంది. దాని కింద సంతకం ఎవరిది? ఒక మనిషిదా, ఊరిదా? ప్రజాప్రతినిధిని ముఖాముఖి కలిసే విషయంలో మనం ముందుగా తేల్చుకోవాల్సిన న్యాయం ఇదే.

ఆంధ్రప్రదేశ్ శాసనసభలోని 175 స్థానాల్లో 7, తెలంగాణలోని 119 స్థానాల్లో 12 ఎస్టీలకు కేటాయించారు. అక్కడ కూర్చునేది మనవాళ్లే. అది మన బలం, మన ఇబ్బంది కూడా. అన్నా అనో, మావా అనో వరస కలిపి పిలుస్తాం. వరసైనవాళ్లను నిలదీస్తే తప్పేమోనని వెనక్కి తగ్గుతాం. లేదంటే ఆ వరసతోనే సొంత పని చేయించుకుని వస్తాం. ఎలా చూసినా ఊరి మాట ఊళ్లోనే ఉండిపోతుంది.

మరి సొంత పని అడగడం తప్పా? జ్వరంతో ఉన్న బిడ్డను డోలీలో మోసుకొచ్చిన తండ్రితో ‘ముందు ఊరి సంగతి అడుగు’ అనే హక్కు ఎవరికీ లేదు. ఆపదలో ఉన్నవాళ్లు ఏ తలుపైనా తట్టొచ్చు. అయితే ఆ పూటకు బండి దొరికినా ఊరికి రోడ్డు రాదు. రేపు ఇంకో తండ్రి అదే డోలీ ఎత్తుకోవాలి. దయ అడిగినవాళ్లకే అందుతుంది. హక్కు అడగలేనివాళ్లకూ అందుతుంది.

ఉపాధ్యాయులకు ఇది బాగా తెలుసు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంటూ 2000లో వచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. సిఫార్సు ఉత్తరంతో ఒకరికి బదిలీ దొరకొచ్చు గానీ, పోయిన ఆ రక్షణ తిరిగి రాదు. దానికి దారి వెతకాల్సినవాళ్లలో మన ప్రతినిధులు ముందుండాలి. ఐదో షెడ్యూలు ప్రకారం గిరిజన సలహా మండలిలో 20 మందికి మించి సభ్యులుండరు. వారిలో దాదాపు నాలుగింట మూడు వంతులు శాసనసభలోని ఎస్టీ సభ్యులే కావాలి. గవర్నరు పంపిన గిరిజన సంక్షేమ విషయాలపై సలహా ఇవ్వడం ఆ మండలి పని. ‘మీరు అక్కడ మా గురించి ఏం మాట్లాడారు?’ అని మనం అడగకపోతే ఎవరు అడుగుతారు?

అలా అడిగే అధికారం మనకు గ్రామసభ ఇస్తుంది. 1996 పెసా చట్టం ప్రకారం అభివృద్ధి పథకాలు అమలుచేసే ముందు గ్రామసభ ఆమోదం ఉండాలి. ఆ సభ తీర్మానం పట్టుకుని వెళ్లినవాళ్లు చేయి చాచేవాళ్లు కారు. కాబట్టి ముందు సభలో కూర్చుని రెండు మూడు విషయాలు ఖాయం చేసుకోవాలి. కలిసే తేదీ కోరుతూ కాగితం ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. ‘నేను మాట్లాడి పెడతాలే’ అనే పెద్దమనిషి మధ్యలో దూరితే ఊరి మాట కాస్తా ఆయన బేరమైపోతుంది.

చదువుకున్న మనం ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. అర్జీ రాయడం వచ్చినంత మాత్రాన ఊరి గొంతు మనది కాదు. ఊట నుంచి బిందె మోసేవాళ్లే నీళ్ల కష్టం చెప్పాలి. కువిలోనో, కోయలోనో, గోండిలోనో, సవరలోనో చెప్పనివ్వాలి. మనం తెలుగులోకి మార్చి వినిపిస్తే చాలు. చదువు మనల్ని కొత్త దళారులుగా మార్చకూడదు.

తిరిగొచ్చాక ఫొటో చూపిస్తే సరిపోదు. వాళ్లు ఏ మాట ఇచ్చారో, ఎప్పటిలోగా చేస్తామన్నారో, దేనికి జవాబు చెప్పలేదో అన్నీ అదే గ్రామసభలో చదివి వినిపించాలి. తర్వాతి సభకు ప్రతినిధినే పిలవాలి. ఓటు అడగడానికి మన గడప దాకా వచ్చినవాళ్లకు జవాబు చెప్పడానికి దారి తెలియకపోదు.