తల నెరసినను తంతి సడలలేదు

ధ్యానమునకు: కీర్తన 92:12–15, 2 సమూయేలు 19:31–39, 1 దినవృత్తాంతములు 25:1–8



మోషే ప్రార్థన యనబడిన తొంబదవ కీర్తనలో నరుని వయస్సు లెక్క డెబ్బదికి, బలవంతునికైతే ఎనుబదికి నిలిచినది. ఆ లెక్క చూచి మన గ్రామములలో అనేకులు అరువది దాటగానే, “మా పని అయిపోయినది, ఇక అరుగుమీద కూర్చుండి పిలుపు కొరకు చూచుటయే” అని చెప్పుచుందురు. ఈ మాట వినుటకు వినయముగా నుండును. గాని అది ఎల్లప్పుడు విశ్వాసమునుండి పుట్టిన మాట కాదు. కొన్నిసార్లు అది నిరాశనుండియు, కొన్నిసార్లు ఇంటివారి నిర్లక్ష్యమునుండియు పుట్టుచున్నది. ఈ మాసము దీనినిగూర్చి ధ్యానింతము. అందుకు దృష్టాంతమును దేవాలయపు గోడలకు బహు దూరమునుండి తీసికొనుచున్నాము.

రాక్ అను ఒక విధమైన సంగీతము గలదు. అమెరికా దేశపు నల్లజాతివారి దేవాలయ గీతములనుండియు, బ్లూస్ అనబడు వారి దుఃఖ గీతములనుండియు, పల్లెపాటలనుండియు అది 1950 తరువాతి యేండ్లలో రూపము దాల్చెను. విద్యుత్తుతో మ్రోగు గిటారు, డ్రమ్ములు దాని ముఖ్య వాద్యములు. అది పడుచువారి సందడి మాత్రమే యనియు, కొలదికాలములో అణగిపోవుననియు నాటి పెద్దలు అనేకులు తలంచిరి.

ఇంగ్లాండులోని డార్ట్‌ఫర్డ్ పట్టణమున ఒకే ప్రాథమిక పాఠశాలలో చదివిన మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ అనువారు 1961లో రైల్వే ప్లాట్‌ఫారముమీద మరల కలిసికొనిరి. జాగర్ చంకనున్న గ్రామఫోను రికార్డులు వారి స్నేహమును తిరిగి రగిల్చెను. 1962 జూలైలో రోలింగ్ స్టోన్స్ అను పేరుతో వారి మేళము లండనులో మొదటిసారి పాడెను. 1963లో చార్లీ వాట్స్ డ్రమ్ములు వాయించుటకు చేరెను. నాడు వారు ఇరువది యేండ్ల ప్రాయమువారు.

2023 అక్టోబరులో, అనగా అరువదియొక్క సంవత్సరముల తరువాత, ఆ మేళమువారు హ్యాక్నీ డైమండ్స్ అను రికార్డును వెలువరించిరి. 2005 తరువాత తామే కట్టిన క్రొత్త పాటలతో వారు తెచ్చిన మొదటి రికార్డు అదియే. అప్పటికి జాగర్‌కు ఎనుబది, రిచర్డ్స్‌కు డెబ్బది తొమ్మిది. 2024లో ఏప్రిల్ మొదలుకొని జూలై వరకు వారు అమెరికా, కెనడా పట్టణములలో తిరిగి పాడిరి. బీటిల్స్ మేళములోని పాల్ మెకార్ట్నీ సంగతియు అట్టిదే. 2020లో మహమ్మారిచేత లోకము ఇండ్లలో మూయబడియుండగా ఆయన తన స్వంత స్టూడియోలో ఇంచుమించు వాద్యములన్నియు తానే వాయించి ఒక రికార్డు సిద్ధపరచెను. 2022 జూన్‌లో, ఎనుబది నిండిన వారము దినములకే, గ్లాస్టన్‌బరీయందు మహా జనసమూహము నెదుట పాడెను.

వీరి బ్రదుకులన్నియు మనకు మాదిరి యని మేము చెప్పుట లేదు. మత్తుమందులును, తెగిపోయిన కాపురములును వారి చరిత్రలో కలవు. అయినను మన ప్రభువు లోకపు గృహనిర్వాహకుని యుక్తిని చూపి వెలుగు సంబంధులకు బుద్ధి చెప్పెను గదా (లూకా 16). ఆ రీతిగానే వీరినుండి మూడు సంగతులు నేర్చుకొందము.

మొదటిది, పనియందలి ప్రేమ. వారి సభలకు ధనము వచ్చుచున్నది నిజమే. అయితే ధనము చాలినవాడు ఇంట విశ్రమింపవచ్చును, వారికి కొదువ యేమియు లేదు. 2019 ఏప్రిల్‌లో జాగర్ గుండెలో కవాటము మార్చిరి. జూన్ నెలలోనే ఆయన మరల వేదికమీద నిలిచెను. చప్పట్ల కొరకు ఒకడు ఇంత పూనికతో లేవగలిగినయెడల, సిలువపై మన కొరకు ప్రాణము పెట్టినవాని స్తుతికి మనము లేచుట ఎంత న్యాయము! మోకాలి నొప్పి ఆదివారమునాడు మాత్రమే హెచ్చగునా? సంతకు నడిచిన కాళ్లు ఆరాధనకు నడవలేవా? ఎవరిని నొప్పించుటకు కాదు గాని, మనలను మనము పరీక్షించుకొనుటకు ఈ మాట వ్రాయుచున్నాము.

రెండవది, కొదువను ఒప్పుకొని విధమును మార్చుకొనుట. రిచర్డ్స్ వ్రేళ్లకు కీళ్లవాపు కలిగెను. ఆ వ్రేళ్లు వెనుకటివలె తిరుగవు. దానిని ఆయన దాచలేదు, గిటారును క్రింద పెట్టను లేదు. ఆ చేతికి తగినట్లు వాయించు క్రొత్త విధమును వెదకుకొనెను. ఇక్కడ గిలాదీయుడైన బర్జిల్లయి జ్ఞాపకమునకు వచ్చుచున్నాడు. దావీదు ఆపదలోనుండగా ఆయన ఆహారము తెచ్చి పోషించెను. రాజు ఆయనను యెరూషలేమునకు రమ్మని పిలువగా, తనకు ఎనుబది యేండ్లనియు, భోజనపు రుచి తెలియదనియు, గాయకుల స్వరము వినబడదనియు విన్నవించుకొనెను. కాలేబు ఎనుబదియయిదేండ్లకు కొండప్రదేశమును అడిగెను. బర్జిల్లయి ఎనుబదికే అలసెను. లేఖనము వీరిద్దరిలో ఎవరిని చిన్నచూపు చూడలేదు. బర్జిల్లయి విడిచినది రాజభవనపు స్థానమును మాత్రమే, ప్రేమను కాదు. ఆ ముదుసలి రాజుతోకూడ యొర్దాను దాటి కొంతదూరము సాగనంపెను, తనకు బదులుగా కింహామును అప్పగించెను.

కాబట్టి మంచము పట్టిన తల్లీ, చెవులు వినబడని తండ్రీ, కాలేబు బలము మీకు లేదని దుఃఖింపకుడి. పాడలేనివారు ప్రార్థింపగలరు. నడవలేనివారు తమ మనుమని చేయిపట్టి ప్రభువు మార్గమునకు అప్పగింపగలరు. పని మారును గాని పిలుపు తీసివేయబడదు.

మూడవది, పాతవారును క్రొత్తవారును ఏకముగా నుండుట. 2021లో చార్లీ వాట్స్ రోగియై యాత్రకు వెళ్లలేకపోగా, వయస్సులో చిన్నవాడైన స్టీవ్ జోర్డన్ ఆ స్థానమున కూర్చుండెను. ఆ ఆగస్టు 24న వాట్స్ ఎనుబదియవ యేట మరణించెను. అయినను 2023లో వెలువడిన రికార్డులో రెండు పాటలకు ముందుగా వాట్స్ వాయించిన డ్రమ్ములే ఉంచిరి. క్రొత్తవాడు పాతవాని శబ్దమును తుడిచివేయలేదు. యెరూషలేము మందిరములో 288 మంది గాయకులుండగా, పిన్నయని పెద్దయని, గురువని శిష్యుడని భేదము లేక అందరును సమానముగా చీట్లు వేసికొనిరి.

యౌవనులారా, కీబోర్డును డ్రమ్ములును మీ చేతులలోనున్నవి, సంతోషమే. గాని మన కీర్తనల పుస్తకములో పాటకు పైన రాగము పేరు, తాళము పేరు మాత్రమే అచ్చయియున్నవి. వరుస ఎక్కడనున్నది? మీ సంఘములో వెనుక చాపమీద కూర్చుండిన అవ్వ నోటనున్నది. ఆమె పాడుట ఆలస్యమని మీరు త్వరపెట్టిన దినమున ఆమె ఊరకుండును. ఆమె ఊరకుండినయెడల ఆ వరుస ఆమెతోకూడ సమాధికి పోవును. పెద్దలారా, మీరును క్రొత్త పాట వినగానే ముఖము ముడుచుకొనకుడి.

కడపట జానీ క్యాష్ అను గాయకుని సంగతి చెప్పవలసియున్నది. ఆయన 1932లో అమెరికాలో పుట్టినవాడు. మత్తుమందులకు లోబడి, లేచి, మరల పడి, అయినను క్రీస్తునందలి విశ్వాసమును విడువక ఒప్పుకొనినవాడు. క్రొత్త నిబంధన యంతయు తన గొంతుతో చదివి రికార్డు చేయించెను. 1986లో ఆయన పాటలను ఏండ్ల తరబడి వెలువరించిన కంపెనీ, ఇక లాభము లేదని ఆయనను విడిచిపెట్టెను. 1994లో ఒక గిటారు, తన గొంతు మాత్రమే పెట్టుకొని పాడిన రికార్డు ఆయనను మరల జనుల ఎదుటికి తెచ్చెను. 2003 మే నెలలో భార్య గతించెను. ఆయన చూపు మందగించెను, చక్రముల కుర్చీ అవసరమాయెను. అయినను ఆ వేసవి యంతయు పాడుచునేయుండి, సెప్టెంబరు 12న డెబ్బదియొకటవ యేట కన్నుమూసెను. ఆ చివరి పాటలలో ఊపిరి చాలకపోవుట వినబడును. వినువారు దానినిబట్టి ఆయనను త్రోసివేయలేదు, మరి ఎక్కువగా ప్రేమించిరి.

మనుష్యులే వణకు స్వరమును ఇట్లు ప్రేమించినయెడల, మనలను సృజించినవాడు దానిని త్రోసివేయునా? ఎంత గొప్ప గాయకునికైనను ఒక దినమున తంతి తెగును, సభ చెదరును, దీపములు ఆరును. ప్రభువునందు నిద్రించువానికి మాత్రము పాట అక్కడ ముగియదు. ఇక్కడ నేర్చుకొనిన పల్లవిని అక్కడ ఎత్తుకొనును.

వచ్చు ఆదివారము ప్రతి సంఘములోను ఒక కార్యము జరుగవలెనని కోరుచున్నాము. ఇంటనుండి రాలేని పెద్దలను బండిమీదనైనను, భుజముమీదనైనను తీసికొనిరండి. మొదటి కీర్తనను వారిచేత ఎత్తించుడి. యౌవనులు తాళము వేయుచు వెంబడింపవలెను. రాలేనివారియొద్దకు సాయంకాలము వెళ్లి, వారి ఇంటనే పాడుడి.

యెహోవా మందిరములో నాటబడిన మన పెద్దలు ముదిమియందును ఫలించునట్లును, మన పిల్లలు ఆ నీడను పెరుగునట్లును దేవుడు కృప దయచేయును గాక. ఆమేన్.