మిత్రుల మధ్య తాకట్టు

శత్రువుతో సంధి చేసుకునే రాజు జామీను అడగడం లోకరీతి. ఒకే శత్రువుపై కలిసి కత్తి దూసిన మిత్రులు యుద్ధానంతరం ఒకరికొకరు ఏ పూచీపై నిలవాలన్నది మాత్రం ధర్మమీమాంసకు చెందిన ప్రశ్న. ప్రమాణంపై నిలిచిన సంధి చంచలమని, జామీనుదారు గానీ ‘ప్రతిగ్రహం’, అనగా తాకట్టుగా అప్పగించిన మనిషి గానీ ఉన్న సంధే స్థిరమని పూర్వాచార్యులు చెప్పిన మాటను కౌటిల్యుడు అర్థశాస్త్రం ఏడవ అధికరణంలో కాదంటాడు: సత్యమూ శపథమూ ఇహపరాలు రెండింటా కట్టిపడవేస్తాయని, తాకట్టు ఈ లోకంలో, అదీ బలాన్ని బట్టి మాత్రమే పనిచేస్తుందని అతని వాదం. కరకు రాజనీతికి పేరుపడిన ఆచార్యుడి నోట ఈ మాట రావడం విశేషమే.

హైదరాబాదు దర్బారులో ఈ వాదానికి పరీక్ష 1790లో మొదలైంది. టిప్పు సుల్తానుపై యుద్ధానికి ఈస్టిండియా కంపెనీ జూన్ 1న పూనాలో మరాఠాల పీష్వాతోనూ, జూలై 4న పానగల్లులో నిజాం అలీఖాన్‌తోనూ ఒప్పందాలు చేసుకుని, గెలవబోయే నేలను ముగ్గురూ సమంగా పంచుకోవాలని ముందే రాసుకుంది. శాంతి కుదిరాక టిప్పు ఎవరిపై దాడిచేసినా మిగిలినవారు తోడురావాలన్న షరతు ఉన్నా, ఏ తీరున అన్నది తరువాత తేల్చుకుందామని వదిలేశారు. పాతబస్తీలోని మీరాలం మండీకి పేరిచ్చిన మీర్ ఆలం నిజాం తరఫున సంప్రదింపులు జరిపిన 1792 శ్రీరంగపట్నం సంధిలో టిప్పు సగం రాజ్యాన్నీ, 3 కోట్ల 30 లక్షల రూపాయలనూ ఇవ్వడానికి ఒప్పుకుని, ఇద్దరు కొడుకులను తాకట్టుగా పంపాడు. కొలవడానికి వీలైన నేల ఒప్పందం ప్రకారమే పంపకమైంది. మిగిలిపోయింది శాంతికి పూచీయే. అప్పటి కంపెనీ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ ప్రతిపాదించిన పరస్పర హామీకి మరాఠాలు సమ్మతించలేదు.

1795లో ఖర్దా వద్ద మరాఠాలు నిజాంను ఓడించినప్పుడు గవర్నర్ జనరల్ జాన్ షోర్ తటస్థంగా ఉండిపోయాడు. కూటమి ఏర్పడింది టిప్పుపైనే గనుక, మిత్రుల మధ్య తగవులో కంపెనీకి బాధ్యత లేదన్నది ఆయన తర్కం; ఒప్పందపు అక్షరాన్ని బట్టి అది తప్పు కాకపోవచ్చు గానీ, కౌటిల్యుడు చెప్పిన సత్యం అక్షరానికి పరిమితమైనది కాదు. ఖురాన్ ఐదవ సూరా కూడా విశ్వాసులకు ఒప్పందాలు నెరవేర్చమన్న ఆదేశంతోనే ఆరంభమవుతుంది. నిజాం సైతం అమాయకుడేమీ కాడు. అంతకుముందు టిప్పుతోనూ రాయబారాలు నడిపినవాడే. మూడేళ్ల క్రితం శత్రువు బిడ్డలను తాకట్టు పట్టిన కూటమిలో ఇప్పుడు ఒక మిత్రుడి దివాను అరిస్తు జా మరొక మిత్రుడి రాజధాని పూనాకు బందీగా వెళ్లాడు.

టిప్పు మరణించిన తరువాత 1800 అక్టోబరులో, తన రక్షణకు నిలిపిన కంపెనీ సైన్యపు ఖర్చు కింద, 1792లోనూ 1799లోనూ తన వాటాకు వచ్చిన కడప, బళ్లారి ప్రాంతాలను నిజాం కంపెనీకే అప్పగించాడు.