వెనక సీటు ధర్మం

బండి నడిపేవారికి నీతులు చెప్పేవాళ్లు బోలెడుమంది. వెనక కూర్చున్నవాళ్లకి ధర్మమంటూ ఏమీ లేదా అన్నది నా సందేహం. మనలో చాలామందికి సగం జీవితం వెనక సీటులోనే గడిచిపోతుంది కదండీ! ఒక చేత్తో పిల్లాణ్ణి, ఇంకో చేత్తో కూరల సంచీని పట్టుకుని కూర్చుంటాం. దారి చూడ్డం ముందువారి పని అనుకుంటాం.

మేముండేది బోయిగూడలో. సికింద్రాబాదు స్టేషనుకి పెరడు లాంటిది మా పేట. రైలు కూత వినకుండా మాకు తెల్లవారదు. 2014 జులై 24న నాందేడ్ నుంచి ఈ స్టేషనుకే రావలసిన పాసెంజరు, మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర బడి బస్సును ఢీకొంది. గేటూ కాపలా లేని క్రాసింగు అది. పదిమందికి పైగా పిల్లలు పోయారు. పొద్దున్న తొమ్మిది దాటిన వేళ. పిల్లల్ని బస్సెక్కించి వచ్చి, మనం అప్పుడే కాఫీ గ్లాసు చేత పట్టుకునే వేళ.

ఆ పసివాళ్లకి ఏ ధర్మమూ అంటగట్టను. పెద్దవాళ్ల సంగతే నేననేది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 131వ సెక్షను ఒకటుంది. కాపలా లేని క్రాసింగు దగ్గర డ్రైవరు బండి ఆపాలి. కండక్టరునో, క్లీనరునో, బండిలో ఉన్న మరెవరినైనానో దింపాలి. వాళ్లు పట్టాలదాకా నడిచి వెళ్లి, రెండు వైపులా రైలుగానీ ట్రాలీగానీ రావడం లేదని చూసి బండిని దాటించాలి. ఎవరూ లేకపోతే డ్రైవరే దిగాలి. బాధ్యత డ్రైవరుదే, కాదనను. కానీ ఆ ‘మరెవరైనా’ ఎవరంటారు? నేనూ, మీరూనూ!

2019 జనవరి ఆఖరుకి బ్రాడ్‌గేజి లైన్ల మీద కాపలా లేని క్రాసింగులన్నీ తీసేశారు. సంతోషమే. కానీ వేసిన గేటు కింద నుంచి స్కూటరు వంచి దూర్చేవాళ్లని ఎవరు తీసేస్తారు? “రైలు ఇంకా అంత దూరాన ఉందిలే” అంటారు. పెద్ద వస్తువు దూరం నుంచి వస్తుంటే మెల్లగా వస్తున్నట్టే కంటికి తోస్తుంది. గంటకి వంద కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 28 మీటర్లు. బ్రేకు వేసినా ఆగడానికి కిలోమీటరు దాకా పట్టొచ్చు.

అలాంటప్పుడు మనమేమంటాం? “జాగ్రత్తండీ” అని గొణుగుతాం, కొంగు బిగించి పట్టుకుంటాం. చెప్పవలసింది చెప్పేశామని తృప్తి. ఆ గొణుగుడు నా లెక్కలో చెప్పడం కిందికి రాదు.

మా పెద్దమ్మ కూతురు అలా గొణగలేదు. మేడ్చల్ లైను మీద ఒక గేటు దగ్గర, బావగారు బండి వంచబోతుంటే పిల్లతో సహా దిగిపోయింది. “మీరు పదండి, గేటు తీశాక మేం నడిచొస్తాం” అంది. అంతే, వాదన లేదు. ఆయన ఒక్కరే ఎలా పోతారు? ఎండలో నిలబడ్డారు. ఒక రైలు పోయింది. వెనకే రెండో లైను మీద ఇంకోటి వచ్చింది. ఆ తర్వాతే గేటు లేచింది.

నలుగురిలో పరువు తీసిందని బావగారు రెండు రోజులు మాట్లాడలేదట. ఆ రెండు రోజులూ అక్క వంట మాత్రం మామూలుగానే చేసింది.