కమండలంలోని చేప

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలం తీరంలో బుడగట్లపాలెం, డి.మత్స్యలేశం, బడివానిపేట వంటి ఊళ్లకు చేపే బతుకు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం వచ్చిందంటే పడవలు ఇసుక మీదికి చేరతాయి, వలలు బాగుచేసుకునే పనులు మొదలవుతాయి. గంగమ్మకు మొక్కి సముద్రంలోకి దిగే ఇలాంటి చోట, రంగుచేపను గాజుతొట్టిలో పెట్టుకోవడం ధర్మమేనా అని ఎవరైనా అడిగితే ఎదురుప్రశ్న వెంటనే వస్తుంది. చంపి తినే చేపకు లేని పాపం, ముద్దుగా పెంచుకునే చేపకు ఎందుకు?

ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. దీనికి జవాబు చెప్పకుండా అక్వేరియం మంచిచెడ్డల గురించి మాట్లాడితే, అది కడుపు నిండినవాళ్ల కబుర్లలా మిగిలిపోతుంది.

ఒక పాత జవాబు ఇదే జిల్లాలో, శాలిహుండం కొండ మీద నివసించిన భిక్షువులకు తెలిసే ఉంటుంది. వంశధార ఒడ్డున ఉన్న ఆ బౌద్ధక్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు రామమూర్తి పంతులు. గృహస్థులు చేయరాని వ్యాపారాలు ఐదని బుద్ధుడు చెప్పినట్టు అంగుత్తర నికాయలో ఉంది: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. ఈ వరసలో మాంసం ఒకటి, ప్రాణులు మరొకటి. రెండు అమ్మకాల్లోని దోషమూ ఒకటే అయివుంటే విడివిడిగా లెక్కపెట్టే పని లేదు. మాంసం అమ్మకంలో ప్రాణి కథ అక్కడితో ముగిసిపోతుంది. బతికున్న ప్రాణిని అమ్మినప్పుడు దానికి మిగిలిన ఆయుష్షంతా, అంటే దాని ఆకలి, నిద్ర, భయం, జబ్బు అన్నీ, కొన్నవాడి చేతిలోకి వెళ్తాయి. కొన్నవాడికి ఆ సంగతి తెలుసా లేదా అన్నదే అసలు ప్రశ్న.

కళింగ యుద్ధం చేసి కుమిలిపోయిన అశోకుడు కూడా ఈ అమ్మకం వైపు చూశాడు. పట్టాభిషేకమైన 26 ఏళ్లకు వేయించిన ఐదో స్తంభశాసనంలో చంపకూడని ప్రాణుల పేర్లు చెబుతూ తాబేలును, ఎముకల్లేని ఒక చేపను కూడా చేర్చాడు. కొన్ని పర్వదినాల్లో చేపల్ని చంపడాన్నే కాకుండా అమ్మడాన్ని కూడా నిషేధించాడు.

ఇక రాస్ చేపల సంగతి. పగడపు దిబ్బల్లో, రాతి తీరాల్లో బతికే ఈ కుటుంబంలో 500కు పైగా జాతులున్నాయి. ఇంట్లో రీఫ్ అక్వేరియం పెట్టుకున్నవాళ్లకు వీటి మీద ఎక్కడలేని మోజు. ఫెయిరీ రాస్ మగచేప ఆడచేపల ముందు రెక్కలు విప్పి రంగు మార్చుకుంటుంటే కళ్లు తిప్పుకోలేం. లెపర్డ్ రాస్ ఆడచేప ఒంటి మీద చిరుతపులి మచ్చలుంటాయి. అందం ఎంత ఉందో సున్నితత్వమూ అంత ఉంది. లెపర్డ్ రాస్ రాత్రయితే ఇసుకలోకి దూరి పడుకుంటుంది. భయమేసినా అందులోకే దూరుతుంది. దానికి కనీసం రెండు మూడు అంగుళాల మందాన మెత్తటి ఇసుక కావాలి. ఎగుమతి ప్లాస్టిక్ సంచిలో ఇసుక ఎక్కడిది? అడుగున దూరబోయి మూతికి గాయం చేసుకుంటుంది. విమానంలో సగం భూగోళం దాటి వచ్చిన చేపకు పగలూ రాత్రీ తారుమారవుతాయి. కొత్త తొట్టిలో కొన్ని రోజులపాటు అర్ధరాత్రి లేచి, దీపాలు వెలిగే వేళకు ఇసుకలోకి వెళ్లిపోతుంది. పెంచేవాడు చచ్చిపోయిందనుకుని ఇసుక తవ్వుతాడు. ఉన్న కాస్త ప్రాణాన్నీ ఆ తవ్వకమే తీసేస్తుంది.

తిండి ఇంకా పెద్ద చిక్కు. ఈ చేప రోజంతా రాళ్ల మీద, ఇసుకలో కంటికి ఆనని పురుగుల్ని ఏరుకు తింటూ ఉంటుంది. పూటకోసారి చల్లే పొడి మేతను చాలా చేపలు గుర్తించను కూడా గుర్తించవు. నెలల తరబడి పాతబడి, రాళ్లనిండా సూక్ష్మజీవులు పెరిగిన తొట్టిలో తప్ప ఇది బతకదు. కొత్త తొట్టిలో వేస్తే కొన్ని వారాలు తిరుగుతూ తిరుగుతూనే పొట్ట లోపలికి పోయి చిక్కిపోతుంది. తొట్టి మీద వల కప్పకపోతే ఒకరోజు తెల్లారేసరికి గచ్చు మీద ఎండిపోయి కనిపిస్తుంది. గెంతడం రాస్ చేపలకు పుట్టుకతో వచ్చిన రక్షణ. సముద్రంలో గెంతితే మళ్లీ నీళ్లలోనే పడతాయి కదా.

క్లీనర్ రాస్‌ది మరో రకం కష్టం. సముద్రంలో దీనికి ఒక వైద్యశాల లాంటి చోటు ఉంటుంది. పెద్ద చేపలు అక్కడికి వచ్చి నోరు తెరిచి నిలబడితే, ఇది వాటి ఒంటి మీది, మొప్పల్లోని పరాన్నజీవుల్ని ఏరి తింటుంది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త అలెగ్జాండ్రా గ్రట్టర్ పరిశోధనలో ఒక్క చేప రోజుకు సుమారు 1,200 పరాన్నజీవుల్ని తింటున్నట్టు తేలింది. నాలుగు చేపలున్న ఇంటి తొట్టిలో అన్ని పరాన్నజీవులు ఎక్కడినుంచి వస్తాయి? వేరే మేతకు అలవాటుపడకపోతే నిదానంగా మాడిపోవడమే.

2019లో ఇదే చేప తత్త్వవేత్తల్ని కూడా ఆగి ఆలోచించేలా చేసింది. జపాన్‌లోని ఒసాకా సిటీ విశ్వవిద్యాలయానికి చెందిన మసనోరి కోడా బృందం క్లీనర్ రాస్‌ల గొంతు కింద, అద్దంలో తప్ప కనిపించని చోట, పరాన్నజీవిలా కనిపించే గోధుమరంగు మచ్చ పెట్టింది. అద్దంలో చూసుకున్న చేపలు ఆ మచ్చను వదిలించుకోవడానికి గొంతును రాళ్లకేసి రుద్దుకున్నాయి. రంగులేని మచ్చ పెట్టినా, ముందు అద్దం లేకపోయినా అలా చేయలేదు. చింపాంజీలకు 1970లో గోర్డన్ గాలప్ పెట్టిన పరీక్ష ఇది. ఒక చిన్న చేప దాన్ని దాటిందా లేదా అన్న చర్చ శాస్త్రవేత్తల మధ్య ఇంకా నడుస్తోంది. అదే బృందం 2023లో, ఇవి ఫొటోలో తమ ముఖాన్ని కూడా పోల్చుకుంటున్నాయని ప్రకటించింది.

ఎనభై నాలుగు లక్షల యోనుల్లో జీవుడు తిరుగుతాడని నమ్మే మనకు ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించక్కర్లేదు. అద్దం పరీక్షలో నెగ్గితేనే ఆత్మ ఉందని మన దర్శనాలేవీ అనలేదు. అయినా ఈ పరిశోధనకు విలువుంది. అన్ని జీవుల్లోనూ ఒకే చైతన్యం ఉందన్న గొప్ప మాట చెప్పేసి ఊరుకోవడం తేలిక. ఈ చేపకు రెండంగుళాల ఇసుక కావాలి, ఆ చేపకు రోజంతా మేత కావాలి అని విడివిడిగా తెలుసుకోవడమే కష్టం. జ్ఞానం లేని దయ ఎంత దూరం పోగలదో శ్రీకూర్మంలో చూడవచ్చు. విష్ణువును కూర్మరూపంలో కొలిచే ఆ ఆలయంలో భక్తితో నక్షత్ర తాబేళ్లను కాపాడుతూ వచ్చారు. నక్షత్ర తాబేలు మెట్టప్రాణి. పొడి నేల, పొదలు, గడ్డి దాని లోకం. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలోకి దాన్ని చేర్చారు. ఆలయంలో తాబేళ్లు చనిపోతున్నాయన్న వార్తలు వచ్చినప్పుడు భక్తులు బాధపడ్డారు. అక్కడ భక్తికి కొదవలేదు. ఆ ప్రాణికి ఏ నేల, ఏ మేత, ఎంత చోటు కావాలో తెలిసిన చేయి భక్తికి తోడు ఉండాలి.

“వేళకు మేత పెడుతున్నాం, పెద్ద చేపలు మింగే భయం లేదు, ఇంతకంటే ఏం కావాలి?” అని పెంచేవాళ్లు అంటారు. మనసులో ఉన్న మాటే అంటారు. అయితే ఈ తీరానికి ఆ మాట అంత సులువుగా మింగుడుపడదు. 2018 నవంబరు చివర్లో, కూలికోసం గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి పడవలెక్కిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు పాకిస్తాన్ గస్తీకి చిక్కి జైలు పాలయ్యారు. వారిలో డి.మత్స్యలేశం వాళ్లున్నారు. ఏడాది దాటాక, 2020 జనవరి 6న, 20 మంది వాఘా సరిహద్దు మీదుగా తిరిగొచ్చారు. కరాచీ జైల్లోనూ వేళకు ఇంత తిండి పెట్టే ఉంటారు. తిండి దొరికింది కదా అని ఆ ఇళ్లలో ఎవరూ ఊరట చెందలేదు. మనిషి బాధనూ చేప బాధనూ ఒకే తక్కెడలో తూచడం ఎవరికీ తగదు. గీత చెప్పే ఆత్మౌపమ్యం అలా తూచమని కూడా అడగదు. తనకు ఏది కష్టమో తెలిసినవాడు, ఆ తెలివిడితో ఎదుటి ప్రాణి వైపు ఒకసారి చూడాలని మాత్రమే అడుగుతుంది.

అలా చూసినవాడి కథ పోతన భాగవతం అష్టమ స్కంధంలో ఉంది. ద్రవిడ రాజు సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణం విడుస్తుంటే దోసిట్లోకి చిన్న చేపపిల్ల వచ్చింది. నదిలో వదిలేయబోతే, పెద్ద చేపలు తినేస్తాయి కాపాడమని వేడుకుంది. కమండలంలో వేశాడు. తెల్లారేసరికి కమండలం చాలలేదు. గంగాళంలోకి మార్చాడు. అదీ ఇరుకైతే చెరువులోకి, తర్వాత పెద్ద మడుగులోకి, చివరికి సముద్రానికి తీసుకెళ్లాడు. శతపథ బ్రాహ్మణంలోనూ మనువు చేపను కుండలో, గుంటలో ఉంచి ఆఖరికి సముద్రంలోకే చేరుస్తాడు. అవతారకథగా చదివేటప్పుడు రాజు పని మీద మన చూపు అంతగా నిలవదు. అతడు చేపను తన పాత్రకు సరిపెట్టలేదు, చేప పెరిగినకొద్దీ పాత్రనే మార్చుకుంటూ పోయాడు. పైగా ఆ చేప తనంతట తాను శరణు కోరింది. దుకాణంలో సంచిలో వేలాడుతున్న లెపర్డ్ రాస్ ఎవరినీ శరణు కోరలేదు. మనిషి కోరుకోకముందు దానికి ఆ ఆపదే లేదు.

జడభరతుడి కథను ఇక్కడే గుర్తుచేసుకోవాలి. రాజ్యం వదిలి గండకీ తీరంలో తపస్సు చేసుకుంటూ, నీళ్లలో పడిన లేడిపిల్లను తీసి పెంచాడు. దాని మీది మమకారంతోనే కన్నుమూసి మరుజన్మలో లేడిగా పుట్టాడు. ప్రాణులను పెంచుకోవడమే తప్పని ఈ కథకు అర్థం చెప్పేవాళ్లున్నారు. అది కథకు అన్యాయం చేయడమే. నీళ్లలోంచి ఎత్తడంలో తప్పు లేదు. లేడికి ఏం కావాలన్న ప్రశ్న మెల్లగా పక్కకు జరిగి, లేడి కనిపించకపోతే తనకేమవుతుందన్న బెంగ ముందుకొచ్చింది. అక్కడ దారి తప్పాడు. రంగు కోసం కొన్న చేప విషయంలో ఈ బెంగే మొదటి అడుగు కావడం మరింత ప్రమాదం.

శాస్త్రం కన్నా వ్యాపారం ఎంత ముందుందో మాల్దీవులు చెబుతాయి. గులాబీరంగు ఫెయిరీ రాస్ ఒకదానికి 2022లో శాస్త్రీయ నామం పెట్టారు. ఒక మాల్దీవియన్ పరిశోధకుడు పాలుపంచుకుని నామకరణం చేసిన మొదటి మాల్దీవుల చేప అది. ఆ పేరు రాకముందే అక్వేరియం వ్యాపారులు దాన్ని పట్టి అమ్ముతున్నారు. రాస్‌లు దాదాపు అన్నీ సముద్రంలో పట్టినవే, తొట్టెల్లో పుట్టించగలిగినవి వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. కొన్నిచోట్ల సయనైడ్ చల్లి, స్పృహ తప్పించి పట్టే పద్ధతి 1960లలో ఫిలిప్పీన్స్‌లో మొదలై ఇంకా పూర్తిగా పోలేదు. మన దేశంలో 2001 నుంచి దిబ్బలు కట్టే పగడాలకు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్ రక్షణ ఉంది. అలంకార చేపలకు అంతటి కాపలా లేదు. 2017లో కేంద్రం అక్వేరియం చేపల మీద కఠినమైన నిబంధనలు తెచ్చి, ఆ తర్వాత వెనక్కి తీసుకుంది. కాబట్టి ధర్మం గురించిన ఆలోచన, కనీసం ప్రస్తుతానికి, కొనేవాడి ఇంట్లోనే జరగాలి.

అలా ఆలోచించినవాడు మొదటిసారి తొట్టి పెట్టేటప్పుడు రాస్ జోలికి పోకపోవడమే న్యాయం. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ క్లౌన్ ఫిష్‌ను, డామ్సెల్ జాతుల్ని హేచరీల్లో పుట్టించే పద్ధతులు సాధించింది. అలా పుట్టిన చేప సముద్రంలోంచి ఒక ప్రాణాన్ని తగ్గించదు, పొడి మేతకు చిన్నప్పుడే అలవాటుపడుతుంది.

ఇప్పటికే ఇంట్లో రాస్ ఉన్నవాడి మాట వేరు. సత్యవ్రతుడి చివరి అడుగు అతడికి లేదు. పసిఫిక్ దిబ్బల చేపను తీసుకెళ్లి బుడగట్లపాలెం అలల్లో వదిలితే పుణ్యం రాదు. వంశధార, నాగావళి మట్టినీళ్లు కలిసే ఈ తీరంలో అది బతకదు. బతికే రకమైతే ముప్పు ఇంకా పెద్దది. 1985లో ఫ్లోరిడా దగ్గర మొదటిసారి కనిపించిన లయన్ ఫిష్ అట్లాంటిక్ దిబ్బల చిన్నచేపల్ని ఊడ్చేస్తోంది, దాని మూలాలు అక్వేరియాల్లోనే ఉన్నాయంటారు. తొట్టి అడుగు శుభ్రం చేస్తుందని కొని, పెద్దదయ్యాక కాలవల్లో వదిలిన సక్కర్ చేప ఇవాళ మన నదుల్లో జాలర్ల వలలు చింపుతోంది. అది తూర్పు కనుమల జలాశయాల్లో విస్తరించిందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్‌ఏ ఆనవాళ్లతో గుర్తించారు.

అందుకే రాస్‌ను కొన్నవాడు దాని ఆఖరి రోజు వరకు బాధ్యత మోయాలి. ఇసుక, మూతవల, రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా మేత, శ్రీకాకుళం ఎండల్లో నీళ్లు వేడెక్కకుండా చిల్లర్. వీటితోపాటు ఈ జిల్లాకే ప్రత్యేకమైన లెక్క ఒకటుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వేల కరెంటు స్తంభాలు పడిపోయాయి, ఉద్దానం ప్రాంతంలోని ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. పంపు ఆగితే రీఫ్ తొట్టిలో ప్రాణవాయువు గంటల్లోనే తగ్గిపోతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు, రెండు మూడు రోజులు నిలబెట్టే ఇన్వర్టర్, ఊళ్లో లేనప్పుడు తొట్టి సంగతి తెలిసిన మరో మనిషి ఉన్నారా అని దుకాణానికి వెళ్లకముందే చూసుకోవాలి. లేకపోతే ఆ చేపను ఆ సంచిలోనే వదిలి రావడం మేలు, ఇంకొకరు కొనుక్కుపోతారని తెలిసినా సరే.